కరుణ పాటల పుస్తకంలో నాలుగో చరణం

నిన్న పొద్దున్న జాకెట్టుకి హుక్కులు కుడుతుంటే ఫోన్ మోగింది. మా కరుణ నంబరే. మాట్లాడింది మాత్రం ఎవరో మగమనిషి.

"అమ్మా, ఈ ఫోనుగల పాప మీకేటవుతాది?" అన్నాడు.

నా కూతురు అన్నాను. తర్వాత అతను చెప్పింది సగమే వినబడింది. బొబ్బిలి రోడ్డు. లారీ. స్కూటీ.

సూది ఇంకా నా చేతిలోనే ఉంది.

నేను కరుణ తల్లిని. చీపురుపల్లిలో టైలరింగ్ చేస్తాను. ఐదో తరగతి వరకే చదివాను, తప్పులుంటే సర్దుకోండి. ఇది కరుణ ఫోన్. దాని ఫ్రెండ్స్ అందరూ ఇందులోనే ఉన్నారని ఇక్కడే రాస్తున్నాను.

నిన్నటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. లేస్తాను, దాని లాప్‌టాప్ దగ్గరికి వెళ్తాను, మళ్ళీ వస్తాను. పాస్‌వర్డ్ తెలీదు. ఏడవమని కొందరు, ఏడవొద్దని కొందరు. నిన్నంతా నాకు మాత్రం ఒకటే ఆత్రం.

ఆ పాట ఉందా, పోయిందా.

మా చర్చిలో ముసలమ్మలు పాడే పాటలు కొన్ని ఏ పుస్తకంలోనూ లేవు. అన్నీ నోటి పాటలే. వాటిని పుస్తకం చెయ్యాలని కరుణ పట్టు పట్టింది. పని ముగ్గురిది. చర్చి ఆఫీసులో పాస్టర్‌గారి కంప్యూటర్ విండోస్. విశాఖపట్నంలో దాని ఫ్రెండ్ ప్రసాదుది ఆపిల్. మా ఇంట్లోది పాత లాప్‌టాప్. విండోస్ దానికి బరువైపోయిందని కరుణ లైనక్స్ వేసింది. బ్యాటరీ పనిచెయ్యదు, ప్లగ్ ఉంటేనే నడుస్తుంది.

మూడూ మూడు రకాలు. పుస్తకం ఒక్కటే.

అందుకని గిట్ అని ఒకటి పెట్టింది. ఎవరు ఎప్పుడు ఏ మాట మార్చారో అది దాచి ఉంచుతుందట.

"కొత్తది రాస్తే పాతది పోద్ది కదేటే?" అని అడిగాను.

కరుణ నా కొలతల పుస్తకం తీసింది. మనిషి లావైతే నేను పాత కొలత మీద గీత గీసి పక్కన కొత్తది రాస్తాను. చెరపను. ఏడాది తిరిగేసరికి మళ్ళీ పాత కొలతకే వచ్చేవాళ్లు ఉంటారు.

"నా పనీ ఇదేనే అమ్మా. నువ్వు జాకెట్లకి సేస్తన్నావు, నేను పాటలకి సేస్తన్నాను," అంది.

ఇంకో రోజు చూస్తే స్క్రీన్ అంతా ఎరుపు. పాస్టర్‌గారి కంప్యూటర్ నుంచి వచ్చిన పాటలో ప్రతి లైనూ మారిపోయినట్టు చూపిస్తోంది. ఆ పొద్దున్నే నేను తడిగుడ్డతో కీబోర్డ్ తుడిచాను. భయమేసింది.

"ఒసే, నానేటైనా సేసినానా?"

"నువ్వేటీ సెయ్యలేదు. ఒక్క అచ్చరం కూడా మారలేదు. లైను సివర కనబడని గుర్తు ఉంటాది. విండోస్‌లో ఒకటెక్కువ, మనదాన్లో ఒకటి తక్కువ. దానికే ఇదంతా కొత్తదనుకుంటన్నాది."

"అయితే అంచు లోపలి మడతన్నమాట. పైకి కనబడదు."

"ప్రసాదుగాడికి గంటసేపు సెప్పినాను. నీకు నిమసంలో తెలిసిపోనాది," అని నవ్వింది.

ఏ కంప్యూటర్ అయినా లైను చివర ఒకేలా ఉండాలని చిన్న ఫైల్ రాసి అందులో పెట్టింది. ఎరుపు పోయింది.

ఇప్పుడు మొన్నటి సంగతి చెప్పాలి.

మా అమ్మ నన్ను పడుకోబెడుతూ పాడిన పాట ఒకటుంది. నాకు రాగమే గుర్తు, మాటల్లేవు. బొబ్బిలిలో మా ఎస్తేరు పెద్దమ్మకి వచ్చని తెలిసి కరుణ మొన్న వెళ్లింది. ఫోన్ ఎదురుగా పెడితే పెద్దమ్మ పాడదు. మూడు చరణాలు విని, మరిచిపోకముందే ఇంటికొచ్చి టైప్ చేస్తూ కూర్చుంది. నాలుగోది పెద్దమ్మకి గుర్తు రాలేదట.

సాయంత్రం ఉరిమింది. ఒకసారి పిడుగుకి నా కుట్టుమిషన్ మోటార్ కాలిపోయింది. అప్పటినుంచి ఉరిమితే చాలు, బోర్డు మీదున్న ప్లగ్‌లన్నీ పీకేస్తాను.

పీకేశాను.

లాప్‌టాప్ ఆరిపోయింది. కరుణ అప్పటికింకా సేవ్ చెయ్యలేదు.

"అమ్మా," అంది. అంతే. లేచి చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంది. పాట పోయిందా అని నేనూ అడగలేదు. అడగాల్సింది.

నిన్న పొద్దున్న పెద్దమ్మే ఫోన్ చేసింది, నాలుగోది గుర్తొచ్చిందని, వస్తే పాడతానని. కరుణ తడి జుట్టుతోనే కాసేపు లాప్‌టాప్ ముందు కూర్చుని, తర్వాత స్కూటీ తీసింది.

ఈ మధ్యాహ్నం సమాధి చేశాం.

ఇంటికొచ్చాక, విశాఖపట్నం నుంచి వచ్చిన ప్రసాదుని పాట సంగతి అడిగాను. "ఇప్పుడా పాట గోలేటి వదినా," అంది మా ఆడపడుచు. ప్రసాదు మాత్రం నా కటింగ్ బల్ల మీదే తన ఆపిల్ తెరిచాడు.

"ఉన్నాయి ఆంటీ. మూడు చరణాలూ ఉన్నాయి. నిన్న పొద్దున్న పంపింది."

పంపేటప్పుడు ఏం చేశామో ఒక ముక్క రాయాలట. కరుణ రాసింది చదివాడు.

"అమ్మ ప్లగ్ పీకేసింది. మళ్ళీ టైప్ కొట్టాను. నాలుగోది బొబ్బిలి నుంచి వచ్చాక."

మళ్ళీ కొట్టడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? పావుగంటా? ఆ పావుగంట ముందు బయల్దేరి ఉంటే ఆ లారీ ఇంకా ఎక్కడో ఉండేది. ప్రసాదుని అడిగాను, పాస్టర్‌గారిని అడిగాను.

సమాధికని బొబ్బిలి నుంచి వచ్చిన పెద్దమ్మ నా పక్కకొచ్చి కూర్చుంది. "నాలుగోది నీకు సెప్తాను, రాసుకోయే," అంది.

నాకు కంప్యూటర్ రాదు. కొలతల పుస్తకం తీశాను. కరుణ పేజీలో కింద ఖాళీ ఉంది. అక్కడే రాశాను. ప్రసాదు చూసి టైప్ చేశాడు.

"ఒక ముక్క రాయాలి ఆంటీ. ఏటి రాయమంటారు?"

కొలతల పుస్తకం మూశాను.

"నాలుగోది వచ్చింది" అని రాయమన్నాను.

సాయంత్రం మళ్ళీ ఉరిమింది. ప్లగ్ ముట్టుకోలేదు.

నీ కొలతల మీద ఎప్పటికీ గీత గీయను తల్లీ. ఆదరాబాదరా ఇంకేమీ లేదు, నెమ్మదిగా పడుకో. నాకు దొరకని నెమ్మది ప్రభువు నీకైనా ఇవ్వాలి.