మామ నన్ను నీళ్లకు పంపిన రోజు

మా మామ పోయాడన్న కబురు నేను మదనపల్లె మార్కెట్‌లో టమాటా క్రేట్లు దించుతుండగా వచ్చింది. పుంగనూరు నుంచి ఆయన అల్లుడు, కూతురి మొగుడు, ఫోన్ చేశాడు. "అన్నా, మామ పొద్దున్నే కాఫీ తాగి కూసున్నాడు. అట్లే పక్కకి ఒరిగిపోయినాడు" అన్నాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆయన నోటితో ఒక్క నిజం చెప్పించాలని కొన్నేళ్లుగా కాచుకుని ఉన్నాను. ఇక ఎవరిని అడగాలి?

మామ అంటే మా అమ్మ తమ్ముడు. లారీ నడిపి నడిపి, మోకాళ్లు అరిగిపోయి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఇటు పెద్దతిప్పసముద్రం, అటు సోమల, ఎక్కడివాళ్లు పాత పికప్ కొనాలన్నా ముందు ఆయన్ని వెంటబెట్టుకుని పోయేవాళ్లు. నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే.

బండి చూడ్డానికి వస్తున్నామని అమ్మేవాడికి చెప్పనిచ్చేవాడు కాదు. చెబితే వాడు ముందుగానే స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కించి పెడతాడు. అప్పుడు ఎంత ముసలి ఇంజనైనా తాళం తిప్పగానే పలుకుతుంది. అందుకే తెల్లారేసరికి పోయి, పలకరింపులకంటే ముందు ఇంజను మీద చెయ్యి పెట్టేవాడు. వెచ్చగా తగిలిందంటే, పెట్టిన కాఫీ కూడా తాగకుండా వెనక్కి తిరిగేవాడు. తళతళలాడేలా కడిగిన ఇంజనంటే మరీ అనుమానం. "పెండ్లికూతురి మాదిరి తయారు చేసినారంటే, యాడో ఆయిలు కారతాండాదని అర్థం రా" అనేవాడు.

రేడియేటర్ నీళ్ల మీద నూనె తెట్టు కట్టిందేమో చూసేవాడు. ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష. ఇంజను ఆడుతుండగా ఆయిలు పోసే మూత తీసేవాడు. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున ఎగదన్నితే లోపల రింగులు అరిగిపోయినట్టే, ఇంజను మొత్తం విప్పాల్సిందే. ఈ పరీక్షప్పుడు మాత్రం అమ్మేవాడు పక్కన ఉండకూడదు. "అప్పా, రోంత మంచినీళ్లు తెచ్చిస్తావా" అని మర్యాదగా వాణ్ణి లోపలికి పంపేసేవాడు. దారిలో మాకు చెప్పేవాడు. "ఓనరు ఉన్నంతసేపూ ఓనరే మాట్లాడతాడు రా. వాడు పక్కకి పోతేనే బండి మాట్లాడతాది."

మీలో ఎవరైనా పాత బండి కొనబోతుంటే ఈ పనులన్నీ చేసి చూడండి. మా మామ విద్యలో అబద్ధం లేదు.

కొన్నేళ్ల కిందట ఒక ఏడు టమాటాకు మంచి రేటు వచ్చింది. బాడుగ బండ్లు పిలిస్తే రావు. కాయలు చెట్టుమీదే పండి రాలిపోతున్నాయి. సొంత బండి లేకపోతే పంట దక్కదని తేలిపోయి, కుప్పంలో ఒక పికప్ ఉందని తెలిసి మామతో పోయాను. చెప్పకుండానే పోయాం. ఇంజను చల్లగా ఉంది. ఒక్క తాళానికే పలికింది. నీళ్లలో తెట్టు లేదు. నా మనసు అప్పుడే ఆ బండెక్కి కూర్చుంది. ఓనరు కాగితాలు తేవడానికి లోపలికి పోయాడు. మామ బానెట్ మీదికి వంగి, "నోరు ఎండిపోతాండాది రా. అంగడికి పోయి రోంత నీళ్లు తే పో" అన్నాడు.

నేను తిరిగొచ్చేసరికి ఇంజను ఆగిపోయి ఉంది. మామ తువాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"వద్దు రా. పొగ కక్కుతాండాది. దీన్ని నెత్తినేసుకుంటే నువ్వు లేయలేవు."

ఇంకోసారి స్టార్ట్ చేసి చూపించమని నేను అడగలేదు. ఆయన చూశాక ఇక చూసేదేముంది? బస్సులో దారి పొడుగునా నన్ను ఓదార్చాడు కూడా.

నెల తిరక్కముందే పుంగనూరు సంతలో అదే బండి కనిపించింది. వెనక గొర్రెలు, ముందు మామ అల్లుడు. ఇంజను పని చేయించావా అని అడిగాను.

"లేదన్నా. మామే సూసి తీసిచ్చినాడు. ఒక్క బోల్టు ఇప్పలేదు. కరెంటు మాదిరి పోతాండాది" అన్నాడు సంబరంగా. పాపం, అతనికి ఏమీ తెలియదు.

ఆ తర్వాత నేను ఒక బండి కొన్నాను. మోకాళ్ల నొప్పులని మామ రాలేదు. లోడుతో వస్తుండగా దాని ఇంజను పట్టేసింది, ఆ కోత కాయలన్నీ క్రేట్లలోనే నీరుకారిపోయాయి. మామను నిలదీయాలని నేరుగా పుంగనూరు పోయాను.

"కుప్పం బండి యాల వద్దన్నావు మామా?"

"ఆ పొద్దు పొగ వచ్చింది రా."

"మరి ఇప్పుడు పొగ యాల రాలేదు?"

"మంచి ఆయిలు పోసినాడేమో" అని వీధి వైపు చూశాడు. ఆయిలు మారిస్తే అరిగిన రింగులు బాగుపడవని మాకు చెప్పిన మనిషే. నాకు ఒళ్లు మండిపోయింది. అల్లుడికి బతుకుతెరువు కావాలని, వదిలెయ్యరా అని ఒక్క మాట అడిగి ఉంటే వదిలేసేవాణ్ణి. అడగలేదు, నా కళ్లు కప్పాడు. అమ్మేవాళ్ల మీద వాడే ఎత్తును సొంత అక్క కొడుకు మీద వాడాడు. పరాయివాడైతే నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేవాణ్ణి. మామను మరవడం నా వల్ల కాలేదు. పండగలకు పోయాను, ఆయన పక్కనే కూర్చుని తిన్నాను, ఆయన చెప్పినట్టే చూసి మరో బండి కొనుక్కుని దానితోనే బతుకుతున్నాను. ఆయన మాత్రం ఆఖరిదాకా పొగ వచ్చిందనే అన్నాడు.

మట్టి చేసిన రోజు సాయంత్రం మదనపల్లె వైపు పోయే చుట్టాలందరినీ అల్లుడే ఆ పికప్‌లో ఎక్కించుకున్నాడు. నన్ను ముందు కూర్చోబెట్టాడు. అతను ఏడుస్తూ ఏదో చెబుతున్నాడు. నా చెవులు ఇంజను మీదే ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత తేడా వచ్చినా దానితో ఏదీ తేలదని నాకు తెలుసు. అయినా ఒక్కసారి టకటకమంటే చాలు, రవ్వంత పొగ వదిలితే చాలు, మా మామ అబద్ధం చెప్పలేదని నన్ను నేను నమ్మించుకుందామని చూశాను. ఎత్తు రోడ్డు వచ్చింది. వెనక నిండా జనం. అతను మూడో గేరు వేశాడు. బండి మెత్తగా ఎక్కేస్తోంది. తల బయటికి పెట్టి వెనక్కి చూశాను. మేము దాటొచ్చిన రోడ్డు, దాని పక్కన చింతచెట్లు, ఆఖరికి దూరాన పుంగనూరు ఇళ్లు కూడా ఏ మసకా లేకుండా తేటగా కనిపిస్తున్నాయి.