పల్లికాయలు ఒలిస్తే నామోషీ

నాగర్‌కర్నూలు దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఏడాది నర్సుగా చేశాను. "మా దగ్గర పెద్దోళ్లను పువ్వుల్లో పెట్టి చూసుకుంటం" అని మేనేజరు చందాలిచ్చే ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. ఆ మాట వింటే నాకిప్పటికీ రోత. పువ్వుల్లో పెట్టడమంటే పొద్దస్తమానం మంచం మీద కూర్చోబెట్టడమే. కదలని ఒంటికి నిద్రెక్కడిది? ఎప్పుడో ఎవరికో డాక్టరు రాసిచ్చిన నిద్రగోళీ ఉంది కదా, సాయంత్రం ఏడింటికల్లా అందరి నోట్లోనూ అదే వేసేవాళ్ళం. దాన్ని సేవ అనేవాళ్ళం, సిగ్గులేకుండా.

వీపనగండ్ల వైపు నుంచి వచ్చిన అవ్వ ఒకామె ఉండేది. వలసపోయి కాలువలకు మట్టి మోసిన మనిషి. తెల్లారినా మత్తు దిగక రెండుసార్లు బాత్‌రూం దగ్గర పడింది.

"గోళి ఇయ్యకు బిడ్డా. కాళ్లు నావి కానట్టయితున్నయి. పని లేకపోతే నిద్రెట్లొస్తది?" అని నా చెయ్యి పట్టుకుంది.

మర్నాడు మా ఇంటి నుంచి ఒక సంచి పల్లికాయలు తీసుకెళ్ళాను. మధ్యాహ్నం వరండాలో నలుగురు ఆడవాళ్ళు కూర్చొని ఒలిచారు. కోడళ్ళను ఆడిపోసుకున్నారు. "గింత మెల్లగ ఒలిస్తే యాసంగి అదను దాటిపోతది" అని ఒకరినొకరు ఎక్కిరించుకున్నారు. పొట్టు చాటకెత్తి పెరటి చివర గుంతలో పారబోసి రావడం అవ్వ పని. ఎన్నిసార్లు తిరిగేదో! మూడోరోజు నుంచి గోళీ లేకుండానే నిద్రపోయింది. పొద్దున తనంతట తనే లేచి నడిచింది.

వారం కాకముందే ఇది మేనేజరు కంట్లో పడింది.

"ఏందిది సిస్టర్? ముసలోళ్లతోని కూలి చేయిస్తున్నమంటరు. నామోషీ కాదా మనకు?" అని చాటలు గుంజుకొని స్టోర్ గదిలో వేసి తాళం పెట్టించాడు.

అదే రోజు ఎవరో పుట్టినరోజు చేసుకోవడానికి వచ్చారు. అవ్వ వద్దు వద్దంటున్నా నోట్లో కేకు కుక్కి ఫోటోలు దిగారు. అది మాత్రం ఎవరికీ నామోషీ కాలేదు.

ఉద్యోగం పోతుందన్న భయంతో ఏడింటికి మళ్ళీ గోళీల ట్రే పట్టుకొని వెళ్ళాను. అవ్వ మూతికి క్రీము ఇంకా అలాగే ఉంది.

"నేనేమన్న తప్పు చేసిన్నా బిడ్డా? పల్లి పప్పు ఒక్కటి గూడ నోట్లేసుకోలే" అంది.

గదవ పట్టుకొని, నోరు తెరిపించి, గోళీ వేసింది నేనే.