ముందు గది కోసం ట్యాంకుల యుద్ధం

ఈ వీధి టైలరమ్మ ఒక్క మధ్యాహ్నంలో పదకొండు నగరాలు తగలబెట్టి, లక్షమందిని మట్టుబెట్టి, అదే చేత్తో పొయ్యి మీద ఎసరు పెట్టింది. నమ్మనివాళ్ళ ఖర్మ.

గొడవంతా ముందు గది కోసం. ఆ ఇంట్లో వెలుతురు పడేది అక్కడే. కాలితో తొక్కే ఆమె కుట్టుమిషను ఆ గది దాటితే సూదిలోకి దారం ఎక్కదు. మరిదేమో కీబోర్డులోనే కంప్యూటరంతా ఇమిడిపోయిన యంత్రమొకటి తెచ్చి, టీవీకి తగిలించి, అక్కడే తిష్ఠ వేశాడు.

"ఆటలో గెలిచినవాళ్ళదే గది, వదినా. ఓడితే నీ మిషను వంటింట్లోకి."

"నువ్వోడితే?"

"నేనా! ఇది చొక్కాకి గుండీలు కుట్టడం కాదు తల్లీ, యుద్ధం."

"యుద్ధమేలే. ముందా క్యాసెట్టు పెట్టు."

టేపురికార్డరులో ఆట క్యాసెట్టు పీక పిసికిన పిల్లిలా అరిచి అరిచి, చివరికి ఆటను తెర మీదికి కక్కింది. అందులో సగం ఎత్తుగడ, సగం కాల్పులు. మొదట పటం మీద వంతులవారీగా దళాలను నడపాలి. రెండు దళాలు ఢీకొంటే పటం మాయమై ట్యాంకులు ఎదురెదురుగా నిలుస్తాయి. ఇక ఎవరి వేలు ముందు పడితే వాళ్ళదే ప్రాణం.

పటం మీద ఆమె రాక్షసి. గుడ్డను కత్తిరించినట్టు మరిది దారులన్నీ కత్తిరించి, పెట్రోలు అందక ఆగిన బండ్లను వరసపెట్టి కాల్చింది. వంతెన మీద ఇరుక్కున్న పటాలాన్ని నిలువునా నదిలో ముంచింది. కాల్పుల్లో మాత్రం మరిదిదే పైచేయి. ఆమె ట్యాంకులను పేలాల్లా పేల్చాడు. చివరికి మిగిలింది ఒక్క రాజధాని, చెరొక ట్యాంకు.

"మిషను మోయడానికి అన్నయ్యని పిలవనా?"

"నోర్మూసుకుని కాల్చు!"

ఒకే కీబోర్డు మీద నాలుగు చేతులు. మోచేతులు డొక్కల్లో దిగుతున్నాయి. అతను జడ పట్టి గుంజాడు. ఆమె గజంబద్దతో వేళ్ళ మీద ఒక్కటిచ్చింది. అంతలో గుండొకటి ఆమె ట్యాంకు పక్కనే పడింది. భయమేస్తే ఆమె కాళ్ళు వాటంతటవే మిషను తొక్కుతాయి. బల్ల కింద మిషను లేదు, మరిది పాదముంది. పెళ్ళిబట్టలు మర్నాటికి ఇవ్వాల్సినంత వేగంతో ఆమె మడమలు దాన్ని దంచాయి. అతను చావుకేక పెట్టి రెండు చేతులతో కాలు పట్టుకున్నాడు. ఆ సందులో ఆమె మీట నొక్కింది. అతని ట్యాంకు భగ్గుమంది. తెర మీద రాజధాని ఆమెది, బల్ల కింద నెత్తురు అతనిది.

"మోసం వదినా!"

"యుద్ధంలో కాళ్ళు దగ్గర పెట్టుకోవాలి నాయనా!"

కాలి ఐదు వేళ్ళూ పిండైపోయాయని, మిషను చప్పుడు వింటే ఈనాటికీ ఆ మరిది గోడెక్కుతాడని వీధంతా చెప్పుకుంటారు. ఆమెనడిగితే, పళ్ళతో దారం తెంపి చెబుతుంది:

"వేళ్ళేం విరగలేదు. ఒక గోరు ఊడింది. గది నాదే."