మామ తీసిన ఎక్స్‌రే

నా చిన్నప్పుడు మా వాడలో ఎక్స్‌రే అంటే వేళ్లు తినే మిషను. అలా అని మాకెవరూ చెప్పలేదు, పిల్లలమే కళ్లారా చూసి తేల్చుకున్నాం. అప్పట్లో మేం పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వెనక వరసగా కట్టిన కిరాయి గదుల్లో ఉండేవాళ్లం. వాడలోని మగవాళ్లందరూ షిఫ్టులకు పోయేవారు. అప్పుడప్పుడూ ఎవరి చేతికో దెబ్బ తగిలిందనీ, ఎక్స్‌రేకు తీసుకెళ్లారనీ కబురొచ్చేది. ఆ మనిషి పెద్ద కట్టుతో తిరిగొచ్చేవాడు. కట్టు విప్పాక చూస్తే ఒక వేలు తక్కువ. ఫ్యాక్టరీ లోపల ఏం జరిగిందో మేం చూడలేదు కదా! పొద్దున వేలుంది, ఎక్స్‌రేకు పోయాడు, వేలు లేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మూడో తరగతిలో ఉండగా ఓ ఆదివారం నేను బోరింగు కొడుతుంటే కుడిచేతి చూపుడు వేలు పిడి సందులో పడి నలిగింది. సాయంత్రానికి అది వంకాయలా ఉబ్బి, రంగు కూడా వంకాయదే తెచ్చుకుంది. వాడలో సూదులేసే డాక్టరు దాన్ని అటూ ఇటూ వంచబోయాడు. నా కేకకు ఆయనే వెనక్కి జరిగి, "రేపు ఎక్స్‌రే తీపియ్యుండ్రి" అన్నాడు. ఆ మాటతో నా పైప్రాణాలు పైనే పోయాయి. గచ్చకాయలాటలో మా వాడకంతా నేనే మొనగత్తెను. చూపుడు వేలు లేకుండా కాయ ఎలా ఎగరేయాలి, ఎలా పట్టాలి? రాసుకోవడం గురించి కూడా దిగులు పడ్డాను గానీ, అది తర్వాత.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను బయల్దేరదీయబోతే బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, రానంటే రానన్నాను. అమ్మ బతిమాలింది, బిస్కెట్లు కొనిస్తానంది, చివరికి వీపు మీద ఒకటి వేసింది. "ఏం గాదు బిడ్డా, ఏం గాదు" అని ఆమె అన్నకొద్దీ నా భయం పెరిగింది. పెద్దవాళ్లు ఏం కాదన్నారంటే ఏదో అవుతుందనే. నాన్న ఫస్ట్ షిఫ్టుకు వెళ్లిపోయాడు. అమ్మేమో నిండు చూలాలు, నాతో కుస్తీ పట్టే ఓపిక ఆమెకెక్కడిది?

ఆ గోలకు పక్క గది మామ లేచి వచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు, పక్క గదిలో ఉంటాడు కనుక మామ. ప్రెస్సు మిషను మీద పనిచేసేవాడు. ఎడమచేతికి మూడే వేళ్లు. మా పిల్లల లెక్కలో మొదటి సాక్ష్యం ఆయనే. వేళ్లు తక్కువైనా గొప్పలు చెప్పుకోవడంలో మాత్రం ఆయనకు ఏ లోటూ లేదు.

"నీ యేళ్లు తిన్నది గా మిషనే కదా!" అని ఏడుస్తూ అరిచాను. మామ ముందు బిత్తరపోయాడు. తర్వాత గోడకు ఆనుకుని పడీపడీ నవ్వాడు.

"పిచ్చిదానా! నా యేళ్లు తిన్నది ప్రెస్సు మిషను. ఎక్స్‌రే పాపం ఏం జేసింది? ఎన్ని మిగిలినయో సూశి సెప్పింది, గంతే."

నేను నమ్మలేదు. ఆయనా వాదించలేదు. "సరే, ఆడికి పోయేముందు ఈడనే ఒకటి తీద్దాం, దా" అని మా గది ముందు పీట వేశాడు. అమ్మ బియ్యం చెరిగే చేటను పైన పట్టుకుని తనే మిషను అయ్యాడు. ఒంటి మీద బరువు బట్ట కప్పుతారంటూ తడి గోనెసంచి తెచ్చి నా ఒళ్లో వేశాడు. చేతికి ఏమున్నా ఎముకకు అడ్డంగా ఫోటోలో అదే పడుతుందని గాజులు తీయించాడు, బొంతపల్లి జాతరలో కొనుక్కున్న ఇత్తడి ఉంగరం కూడా తీయించాడు.

చెయ్యి మూడు రకాలుగా పెట్టాలట. మొదటిది గోడకు పిడక కొట్టినట్టు, అరచెయ్యి పరిచి. రెండోది చెంబు పట్టుకున్నట్టు, కొంచెం వాల్చి. మూడోది మా లెక్కల సారు బెదిరించినట్టు, చెయ్యి పక్కవాటుగా నిలబెట్టి దెబ్బ తగిలిన వేలొక్కటే చాపి. నొప్పి పుడుతుందా అని అడిగాను.

"చెయ్యి మలిపేటప్పుడు జెర పుడ్తది, అబద్ధమెందుకు? ఫోటోకైతే పుట్టది. మిషను టక్ మంటది, అయిపాయె. గా టక్ దాంక కదలొద్దు. కదిల్తివా, ఒక్క యేలు రెండైతది."

వేలు పోతుందని నేను ఏడుస్తుంటే రెండవుతుందంటాడేమిటి! ఆ మాటతో నా ఏడుపు ఆగింది. మామ చేట వంచి "టక్" అన్నాడు. అప్పటికే వాడ పిల్లలంతా తమకూ తీయమని వరస కట్టారు. ఆయనది సెకండ్ షిఫ్టు, తీరిగ్గా అందరికీ తీశాడు.

బజారులోని ఎక్స్‌రే గదికి అమ్మా మామా నన్ను రిక్షాలో తీసుకెళ్లారు. అమ్మ చూలాలని ఎక్స్‌రే తీసే అతను ఆమెను గడప దాటనివ్వలేదు. లోపల అన్నీ మామ చెప్పినట్టే ఉన్నాయి, చేట మాత్రం ఇనుముది. అతను నోరు తెరవకముందే పిడక కొట్టినట్టు చెయ్యి పరిచాను.

"అరె, ఇంతకముందు తీపిచ్చుకున్నవా?" అన్నాడతను.

"పొద్దుగాల మా మామ తీసిండు" అన్నాను.

అతను మామను కిందికీ పైకీ చూసి బయటకు పంపేశాడు. తానూ అడ్డగోడ వెనక్కి వెళ్లాడు. ఫోటో తీసేటప్పుడు పక్కన ఎవరూ ఉండరన్న సంగతి ఒక్కటే మామ చెప్పడం మరిచిపోయాడు. గదిలో నేనూ, ఆ ఇనుప చేటా మిగిలాం. మిషను వేలు తినేది ఇప్పుడేనని నాకు రూఢి అయిపోయింది. ఏడవడానికి నోరు తెరవబోతుండగా తలుపు అవతల నుంచి బజారంతా వినపడేలా "టక్!" అని ఒక అరుపు. నాకు నవ్వు ఆగలేదు. ఒళ్లంతా కదిలింది. సరిగ్గా అప్పుడే అసలు మిషను కూడా టక్ మంది.

అతను బయటకెళ్లి మామను నాలుగు కసిరి వచ్చి, మళ్లీ మొదటి నుంచి తీశాడు. ఈసారి నేను కదల్లేదు. చెయ్యి మలిపినప్పుడు మామ చెప్పినట్టే జెర నొప్పి పుట్టింది. అది ముందే తెలిసిన నొప్పి కనుక పళ్లు బిగబట్టి ఊరుకున్నాను.

ఎముకలో వెంట్రుకంత బీట అన్నారు. పక్క వేలితో కలిపి పట్టీ వేస్తే సరిపోయింది. ఫిల్ము వెలుతురుకు పట్టి నా ఐదు వేళ్లూ నేనే ఎంచుకున్నాను. నేను నవ్వడం వల్ల చెడిపోయిన ఫిల్ములో మాత్రం చూపుడు వేలి పక్కన ఇంకో వేలు నీడలా పడింది. అతను దాన్ని పారేయబోతే మామ ఆపాడు. "అన్నా, గా ఫిల్ము నాకియ్యరాదే. దాంట్ల యేలు ఎక్కువున్నది, నాకు తక్కువున్నయ్" అన్నాడు. కసిరినతను కూడా నవ్వాడు.

మామ ఆ ఫిల్మును తన గది కిటికీకి అంటించుకున్నాడు. ఎండ పడినప్పుడు దాని వెనక ఎడమచెయ్యి పెట్టి, "సూడుండ్రి, నాగ్గూడ వచ్చినయ్" అనేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. కొన్నేళ్లకు ఆయన పని మారి ముత్తంగి వైపు వెళ్లిపోయాడు, మళ్లీ కలవలేదు.

భయపడేవాళ్లకు "ఏం కాదు" అని చెప్పడం నాకు రాదు. ఏమవుతుందో వరసగా చెబుతాను, ఎక్కడ నొప్పి పుడుతుందో కూడా. మనవరాలికి సూది వేయించాల్సి వస్తే ముందు ఇంట్లో పెన్ను మూతతో ఆ పిల్ల చేత నేను వేయించుకుంటాను. మా ఇంట్లో వాళ్లకు ఇది ముసలిదాని చాదస్తం.

పోయిన ఏడాది స్నానాల గదిలో జారి మణికట్టు మీద పడ్డాను. ఎక్స్‌రే తీసే అమ్మాయి చెప్పకముందే గాజులు తీసి, పిడక కొట్టినట్టు చెయ్యి పరిచాను. ఆ అమ్మాయి మెచ్చుకుని తలుపేసుకుని వెళ్లిపోయింది. గదిలో మళ్లీ నేనూ, మిషనూ. టక్ వినపడేదాకా కదలకూడదని అలాగే ఉన్నాను. ఇప్పటి మిషను చప్పుడే చేయలేదు. ఎంతసేపు చెవులు రిక్కించినా తలుపు అవతల నుంచీ ఏ అరుపూ రాలేదు. ఇక నేనే మెల్లగా "టక్" అన్నాను.