పట్టు అనుకున్న నొప్పి

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాడు తొక్కితే నడుములో, వీపులో పట్టు వదులుతుందని మా బాగేపల్లి వైపు నమ్మకం. చిన్నప్పుడు ఊళ్ళో చాలామంది వీపులు తొక్కాను. పెద్దయ్యాక అది మూఢనమ్మకమని సభల్లో వాదించాను.

ఒక మధ్యాహ్నం చెనక్కాయ పీకి ఇంటికొచ్చిన మా మేనమామ అరుగుమీద కూలబడ్డాడు. ఎద బరువెక్కిందనీ, నొప్పి ఎడమచేతిలోకి దిగుతోందనీ అన్నాడు. నీడలో కూర్చున్నా చెమటలు ఆగలేదు.

"ఈపు పట్టేసుకుండాది అల్లుడా. ఒగసారి తొక్కు."

"నా కాళ్ళలో మహిమ యాడుండాది మామా?"

"నీ ఉపన్యాసం సభలో చెప్పుకో. ముందు తొక్కు."

నేను తొక్కలేదు. అరగంట వాదించి, పట్టుకు వేణ్ణీళ్ళ కాపడం చాలన్నాను. అత్త నీళ్ళు కాచి తెచ్చేసరికి మామ ప్రాణం పోయింది.

తర్వాత ఆ లక్షణాలు విన్న డాక్టరు అది గుండెపోటే అయివుంటుందనీ, వెంటనే తెచ్చివుంటే బతికించే ప్రయత్నమైనా చేసేవాళ్ళమనీ అన్నాడు. తొక్కుడును ప్రశ్నించాను గానీ, అసలది పట్టేనా అని మామ అడగనట్టే నేనూ అడగలేదు. మేం వాదించుకుంటున్నప్పుడే ఆస్పత్రి మీదుగా వెళ్ళే బస్సు మా ఇంటిముందు ఆగి, కదిలిపోయింది.