లాభం, రెండు, మూడు

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో రెండో తరగతికి లెక్కలు చెప్పే రోజుల్లో నాకు ఒళ్లంతా పొగరే. ఎంతటి మొద్దుకైనా నెలలో కూడికలు నేర్పిస్తానని తోటి టీచర్ల ముందు కోతలు కోసేవాణ్ణి.

ఆ క్లాసులో బొరుగులమ్మే ఆమె కూతురు ఉండేది. సంతరోజు తల్లి పక్కన కూర్చుని శేరుతో బొరుగులు కొలిచేది. నోటిలెక్కల్లో నాలుగో తరగతి పిల్లలు కూడా దాని ముందు నిలిచేవాళ్లు కాదు. అందుకే తనిఖీకి ఆఫీసరు వచ్చిన రోజు దాన్నే లేపి, బల్ల మీద చింతగింజలు పోసి లెక్కపెట్టమన్నాను.

"లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టింది.

కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. మా అమ్మ కూడా వడ్లు అట్లాగే కొలిచేది. అన్నీ తెలిసీ, ఆఫీసరు పకపకా నవ్వేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఏడేళ్ల పిల్లను బెంచీ ఎక్కించి, ఒకటి అని వందసార్లు అనిపించాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి దాన్ని పేరు పెట్టి పిలవలేదు, లాభం అనే పిలిచాను.

నెల తిరక్కముందే తల్లి పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. బడికి పోనని ఏడుస్తోందట. చదువు అబ్బుతుందంటే కొట్టయినా పంపిస్తానని, లేదంటే సంతకే తీసుకుపోతానని చెప్పింది.

"నువ్వే సెప్పు సార్, దీనికి లెక్కలొస్తాయా?"

"రావమ్మా. పని నేర్పించుకో," అన్నాను, రిజిస్టరులోంచి తలెత్తకుండానే. పిల్ల తల్లి కొంగు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. మర్నాటి నుంచి రాలేదు.

ఇప్పుడు నేను కుప్పంలో టీచర్లకు శిక్షణ ఇస్తాను. పిల్లలకు ఇంట్లో తెలిసిన లెక్కతోనే మొదలుపెట్టండి, తప్పని వెక్కిరించకండి అని చెప్తాను. శేరు, బొరుగులు తెప్పించి, లాభం నుంచి కొలిచి చూపిస్తాను. అందరూ చప్పట్లు కొడతారు. నేను సిగ్గులేకుండా నమస్కారం పెడతాను.

మొన్న పొద్దున మదనపల్లెలో బొరుగులకని ఒక బండి దగ్గర ఆగాను. కొలుస్తున్నది ఆ పిల్లే, ఇప్పుడు పెద్దదైంది. నా మొహం చూడగానే గుర్తుపట్టింది. శేరు నింపి, నా సంచిలో పోసి, "ఒకటి" అంది. పక్కనున్న ముసలాయన, పొద్దున్నే బోణీ బేరానికి లాభం అనాల గదమ్మా, అని కసిరాడు.

ఆమె నన్నే చూస్తూ ఆయనకు జవాబు చెప్పింది.

"నాకు లెక్కలు రావప్పా. మాయమ్మకు ఈ లెక్కల సారే సెప్పినారు."

తర్వాత రెండో శేరు నింపింది.