గూడబాతు పిల్లకు చేపలు పెట్టిన రోజు

మాది నరసన్నపేటలో బట్టల కొట్టు. పుట్టింట్లోగాని అత్తింట్లోగాని ఏనాడూ చేప గుమ్మం దాటి లోపలికి రాలేదు. అలాంటి నేను మొన్న చలికాలంలో ఒక పక్షిపిల్ల నోట్లో చేపలు పెట్టాను.

నాతో చదువుకున్న స్నేహితురాలిని తేలినీలాపురంలో రైతు కుటుంబానికి ఇచ్చారు. ఏటా చలి మొదలవగానే గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి అక్కడి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. దీపావళికి టపాకాయలు కూడా కాల్చరు. ఎన్నాళ్లుగానో రమ్మంటోందని ఆ రోజు బస్సెక్కాను.

పెరట్లో టీ తాగుతుంటే దబ్బున చప్పుడైంది. పైనున్న గూటిలోంచి గూడబాతు పిల్ల ఒకటి గడ్డివాము మీద పడి, కిందికి జారింది. ఒళ్లంతా తెల్లటి నూగు, ఒంటికి మించిన ముక్కు. స్నేహితురాలు పక్షుల కాపలాదారుకు ఫోన్ చేసింది. అతను సాయంత్రం వస్తాననీ, అందాకా నీడలో ఉంచి, నోరు తెరిస్తే చిన్న చేపలు పెట్టమనీ చెప్పాడు. ఆమె భర్త చెరువు నుంచి చిన్న బకెట్లో చేపలు తెచ్చిచ్చి పొలానికి వెళ్లిపోయాడు.

పిల్లేమో ఊరికే రెక్కలు కొట్టుకుంటోంది. స్నేహితురాలు దాన్ని గోనెసంచిలో చుట్టి రెండు చేతులా పట్టుకుంది. ఇక మిగిలింది నేనే.

"ఏటే అలా సూస్తన్నావు? సేప తీసి ఎట్టు," అంది.

"నానెప్పుడూ సేపని ముట్టుకోలేదే."

"నిన్ను తినమన్లేదు కదే. దానికి ఆకలేస్తన్నాది, సూడు."

కళ్లు మూసుకుని బకెట్లో చెయ్యి పెట్టాను. దొరికిన చేప జారి నా ఒళ్లో పడింది. పిల్ల మెడ చాచి చేపతోపాటు నా చీర కొంగు కూడా నోట్లో వేసుకుంది. కొంగు లాక్కునేసరికి ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ తర్వాత నాకు జంకు పోయింది. చేప గొంతులోంచి కిందికి దిగుతుంటే నేనూ గుటకలు మింగుతూ కూర్చున్నాను.

సాయంత్రం కాపలాదారు వచ్చి, పడిపోయిన పిల్లల్ని ఉంచే వలగదికి దాన్ని తీసుకెళ్లాడు. నేను ఇంటికొచ్చి తలస్నానం చేసి, భయపడుతూనే మా ఆయనకు చెప్పాను. ఆయన చేతిలోని లెక్కల పుస్తకం మూశారు.

"దాని కడుపు నిండిందేటి?" అన్నారు.

అప్పటినుంచి రోజూ నాచేత ఫోన్ చేయించి దాని క్షేమం కనుక్కునేవారు. ఒక ఆదివారం కొట్టు మూసేసి, చూసొద్దాం పదమన్నారు. దారిలో నన్ను ఆటోలోనే కూర్చోమని చేపల బజారులోకి వెళ్లి, మా కొట్టు సంచిలోనే చేపలు పట్టుకొచ్చారు. అక్కడ పాత ఖాతాదారుడొకడు ఎదురుపడి ఇటొచ్చారేమిటని అడిగాడట. కంగారులో ఈయన, మా పిల్లకని చెప్పారు. మా అమ్మాయికి చేపలు అలవాటయ్యాయని వారం రోజులు వీధంతా చెప్పుకున్నారు. హైదరాబాదులో ఉన్న అమ్మాయి విని పడీపడీ నవ్వింది.

ఎండలు ముదరకముందే పిల్లకు ఈకలొచ్చాయి. దాన్ని ఊరవతలి మడుగులో వదిలిన రోజు మేమిద్దరం వెళ్లాం, నా స్నేహితురాలూ మాతో వచ్చింది. అది నీళ్లలో కాసేపు తడబడి, మెల్లగా ఈదుకుంటూ మిగతావాటిలో కలిసిపోయింది. కాసేపటికి మా ఆయన ఒకదాన్ని చూపించి అదే మన పిల్లన్నారు. నా స్నేహితురాలేమో, కాదు కాదు, ఆ పక్కదంది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు.